ఒంగోలు షెడ్డులో చేయించిన థార్ వెనక తలుపు

నా పాత మహీంద్రా థార్ జీపుకి ఫైబర్ హార్డ్‌టాప్ (గట్టి పైకప్పు) వేరేచోట వేయించాను. దాంతో వెనక తెరవాలంటే ముందు అద్దం పైకి లేపాలి, తర్వాత కింది తలుపు పక్కకి తెరవాలి. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులకి రోజూ మేత బస్తాలు వేసుకెళ్లేవాడిని, ప్రాణం విసిగిపోయింది. అందుకే ఒంగోలులో ఒక వెల్డింగ్ షెడ్డులో పైనుంచి కిందదాకా ఒకే తలుపు చేయించాను.

మేస్త్రీ ముందు అట్టముక్కతో అచ్చు కోసుకున్నాడు. అంగుళం చదరపు పైపుతో ఫ్రేము కట్టి, అది బండికి సరిగ్గా కూర్చున్నాకే అద్దం కొలత ఇచ్చాడు. టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) అద్దాన్ని తయారయ్యాక కోయలేం కదా! కీళ్లు ఫైబర్‌కి బిగించమంటే ఒప్పుకోలేదు. "తలుపుకుండే స్టెపినీ టైరు బరువుకి ఫైబర్ చీలిపోద్ది సార్" అని బాడీ ఇనుముకే, లోపల ప్లేటు పెట్టి బిగించాడు.

నాకు బాగా నచ్చింది తలుపు సందు మూసే రబ్బరు బీడింగ్ పని. అంచుకి సుద్ద రాసి తలుపు వేశాడు. రబ్బరుకి సుద్ద అంటని చోటల్లా సందు ఉన్నట్టే. రెండుసార్లు సరిచేశాడు. వెనక సందుంటే దుమ్మే కాదు, సైలెన్సర్ పొగ కూడా లోపలికి లాగుతుంది. వెనక పిల్లలు కూర్చునే బండికి అది చాలా ముఖ్యం. ఉప్పుగాలి ఊరని చెప్తే ఫ్రేము అడుగున నీళ్లు పోయే రంధ్రాలూ పెట్టాడు.

నాలుగు రోజులన్న పని పదకొండు రోజులు పట్టింది. ఫోన్ చేస్తే ఎత్తకపోవడం బాధనిపించింది. లాక్ ఇంకా కాస్త గట్టిగానే ఉంది, వచ్చే ఆదివారం తీసుకురమ్మన్నాడు.