మా మారుతి పుట్టిల్లు: హమామత్సు, నగోయాల్లో మూడు రోజులు

నాన్న టోక్యో వచ్చిన వారానికే ఫుజి కొండ, గుళ్ళు, ఎత్తయిన టవర్లు అన్నీ చూపించేశాను. "ఇంకేం చూస్తావు నాన్నా?" అంటే, "మన మారుతి చేసినోళ్ళ ఊరు ఎక్కడరా?" అన్నారు. రెండేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను గానీ ఆ ఊరికి వెళ్ళాలన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. ఆ ఊరి పేరు హమామత్సు, సుజుకీ కంపెనీ ఊరు. టోక్యోకీ ఒసాకాకీ ఇంచుమించు నడిమధ్యన, షిజువోకా రాష్ట్రంలో ఉంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. మాది చీరాల పక్కన జాండ్రపేట. నాన్న పాతికేళ్ళు గుంట మగ్గం మీద నేసి, మోకాళ్ళు పట్టేశాక నూలు కొట్టు పెట్టుకున్నారు. 1999లో సెకండ్ హ్యాండులో తెల్ల మారుతి 800 కొన్నారు. మా వీధిలో అది రెండో కారు. అందులో ఏడుగురం కూర్చుని తిరుపతి వెళ్ళొచ్చాం, ఎలా కూర్చున్నామో ఇప్పుడు తలచుకుంటే అర్థం కాదు. కాబట్టి ఈ రాతలో కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

టోక్యో నుంచి బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లో వెళ్ళాం. అన్నిటికన్నా వేగంగా పోయే నొజోమి హమామత్సులో ఆగదు. కొన్ని హికారి బళ్ళు ఆగుతాయి, గంటన్నరలో దించేస్తాయి. కొదామా అయితే ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది, వెనక నుంచి వచ్చే నొజోమిలకు దారిచ్చి నిలబడుతుంది. మన పాసింజరు బండిలాగే, కాకపోతే ఎప్పుడు కదులుతుందో ముందే తెలుస్తుంది. మనిషికి సుమారు 8 వేల యెన్లు. ఫుజి కనపడాలంటే వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ తీసుకోండి. నాన్న మాత్రం ఆ సమయానికి నిద్రపోయారు.

స్టేషన్ దగ్గరే ఒక బిజినెస్ హోటల్లో దిగాం. ఏ హోటలో చెప్పను. రెండు మంచాల గది రాత్రికి 10 వేల యెన్ల లోపే, ఆ ధరకు ఫర్వాలేదు. సిగరెట్ తాగని గది కావాలని బుక్ చేస్తే తలుపు తీయగానే పొగ కంపు గుప్పుమంది. కింద కౌంటర్లో చెబితే ఆ అమ్మాయి పదిసార్లు వంగి క్షమించమంది గానీ గది మాత్రం మార్చలేదు, ఖాళీ లేదట. చివరికి వాసన పోగొట్టే యంత్రం ఒకటి తెచ్చి పెట్టింది. అది రాత్రంతా గుర్రుమంది, నాన్న గురకకు జోడీగా. రెండు పెట్టెలు పక్కపక్కన తెరవడానికి కూడా చోటు లేదు. మీరు వెళ్తే వాసన విషయం ముందే ఫోన్ చేసి అడిగి తెలుసుకోండి. ఉదయం టిఫిన్లో అన్నం, పెరుగు, ఉడికించిన గుడ్లు ఉన్నాయి. మన ఆవకాయ సీసా ఉంటే ఇంకేం కావాలి!

మర్నాడు పొద్దున్నే సుజుకీ ప్లాజా. హమామత్సు నుంచి లోకల్ రైల్లో పడమటికి ఒక్క స్టేషను, తకత్సుకా. అక్కణ్ణుంచి పది నిమిషాల నడక. కంపెనీ ప్రధాన కార్యాలయం ఎదురుగానే మ్యూజియం. ప్రవేశం ఉచితం, కానీ ముందే బుక్ చేసుకోవాలి, సోమవారం సెలవు. కింద కొత్త బళ్ళు, రెండో అంతస్తులో కారు ఎలా తయారవుతుందో, మూడో అంతస్తులో చరిత్ర. మీకు గంటన్నరే టైముంటే తిన్నగా మూడో అంతస్తుకు వెళ్ళిపోండి.

మేమూ అలాగే ఎక్కాం. నాన్న అక్కడే ఆగిపోయారు. ఎదురుగా మగ్గం!

సుజుకీ కంపెనీ మగ్గాలతో మొదలైందని నాకు తెలుసు, నాన్నకు కావాలనే చెప్పలేదు. మిచియో సుజుకీ వడ్రంగం నేర్చుకున్న మనిషి. తొలి మగ్గం నేతపని చేసే తల్లి కోసమే చేశాడని చెబుతారు. 1909లో హమామత్సులో మగ్గాల కార్ఖానా పెట్టాడు, 1920లో దాన్ని కంపెనీగా మార్చాడు. చారలు, గళ్ళ బట్ట నేసేందుకు అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెలు ఒకటికి మించి పెట్టి మార్చుకునే ఏర్పాటు చేయడం అతని ప్రత్యేకత. సరోంగులు నేసే మగ్గాలు ఆగ్నేయాసియాకు ఎగుమతి అయ్యాయి. సరోంగు అంటే ఏంటని అడిగితే, "మన గళ్ళ లుంగీయే నాన్నా" అన్నాను. ఆయన ముఖం చూడాలి అప్పుడు! గళ్ళ బట్టకు చీరాల ఒకప్పుడు ఎంత పేరుమోసిన ఊరో తెలిసినవాళ్ళకు ఆ సంబరం అర్థమవుతుంది. పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కడ చుడతారు, రంగు మారినప్పుడు నాడె ఎటు నుంచి దిగుతుంది అంటూ అరగంట ఆ మగ్గం చుట్టూ తిరిగారు. బోర్డుల మీది జపనీసును నేను ఫోన్లో అనువదించి చదువుతుంటే, "నువ్వు చదవకరా, నాకు కనపడుతోందిగా" అని కసిరారు.

మగ్గానికి ఒక చిక్కుంది, బాగా చేస్తే పాడవదు. పాడవకపోతే మళ్ళీ ఎవరు కొంటారు? అందుకే 1937 నాటికే మిచియో కార్ల వైపు చూశాడు, ఇంగ్లండు నుంచి ఆస్టిన్ సెవెన్ తెప్పించి విప్పి చూసి నమూనాలు చేయించాడు. ఇంతలో యుద్ధం వచ్చి అది మూలపడింది. ఆ తర్వాత 1952లో పవర్ ఫ్రీ అని సైకిలుకు తగిలించే 36 సీసీ ఇంజను చేశారు. చేపలు పట్టడానికి ఎదురుగాలిలో సైకిలు తొక్కలేక అల్లుడు షుంజోకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. చలికాలంలో ఆ ఊరిలో వీచే పొడిగాలి తగిలితే కథ నిజమేననిపిస్తుంది, మాకు స్టేషన్ నుంచి నడిచిన పది నిమిషాల్లోనే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. 1955లో సుజులైట్ కారు వచ్చింది. 360 సీసీ రెండు స్ట్రోకుల ఇంజను, ముందు చక్రాలు లాగే బండి. ఆ రోజుల్లో జపాన్లో అది సాహసమే. 1970లో జీపులాంటి చిన్న బండి జిమ్నీ.

అల్లుడి మాట ఎత్తాను కదా, ఇది మనవాళ్ళకు నచ్చే సంగతి. మిచియో తర్వాత కంపెనీ నడిపిన ముగ్గురు అధ్యక్షులూ ఆ ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుళ్ళే. అత్తవారి ఇంటిపేరు పెట్టుకోవడం అక్కడ వింతేమీ కాదు. ఆ మూడోవాడే ఒసాము సుజుకీ, అసలు ఇంటిపేరు మత్సుదా. 1978లో పగ్గాలు పట్టి నాలుగు దశాబ్దాలకు పైగా కంపెనీని నడిపించాడు. మహా పొదుపరి. ఏసీ ఖర్చు తగ్గుతుందని ఫ్యాక్టరీ కప్పులు కిందికి దించమన్నాడట, పెద్దవయసులోనూ విమానంలో ఎకానమీ టికెట్టే. "మన కోమటి శెట్టిగారిలా ఉన్నాడే" అన్నారు నాన్న.

ఆ పొదుపు చేతికి తగిలే చోటు 1979 నాటి ఆల్టో. ధర 4 లక్షల 70 వేల యెన్లు, అప్పటికి జనం నమ్మలేనంత చౌక. చూడ్డానికి ఇంటి కారే గానీ కాగితాల మీద సరుకుల బండిగా చూపించి పన్ను తప్పించారు. ఏది అక్కర్లేదో అది తీసేయడమే అందులో తెలివి. నాన్న దాని డిక్కీ వైపు నుంచి చూసి, "ఇది మన బండికి పెద్దక్కరా" అన్నారు. నిజానికి అంతే. 1982లో భారత ప్రభుత్వ సంస్థ మారుతీతో ఒప్పందం, సుజుకీకి 26 శాతం వాటా. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళం ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్‌కు అందింది. ఆ బండి ఈ ఆల్టో కుటుంబంలోదే. 796 సీసీ, మూడు సిలిండర్లు. 2014 జనవరిలో తయారీ ఆపేసేదాకా ముప్ఫై ఏళ్ళు నడిచింది. ఒసాము 2024 డిసెంబరులో 94 ఏళ్ళ వయసులో పోయాడు, నెల తిరిగేసరికి మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

కొన్నవాళ్ళ మాటేమిటి? టోక్యోలో నా సహోద్యోగి ఒకాయన దగ్గర పసుపు నంబరు ప్లేటున్న వేగనార్ ఉంది. జపాన్లో 660 సీసీ లోపు చిన్న కార్లకు ఆ పసుపు ప్లేటు. ఏడాదికి పన్ను 10,800 యెన్లు, అదే లీటరు ఇంజను కారుకైతే 25 వేలు. "మా పల్లె సందుల్లో ఇదొక్కటే తిరుగుతుంది, ఘాట్ రోడ్డెక్కితే మాత్రం రొప్పుతుంది" అని ఆయనే నవ్వుతాడు. మన దగ్గర వినపడే మాటలు మీకు తెలిసినవే. మైలేజీ, ఏ ఊళ్ళోనైనా దొరికే మెకానిక్కు, అమ్మితే వచ్చే ధర ఒకవైపు, "రేకు డబ్బా" అన్న ఎద్దేవా ఇంకోవైపు. ఆ ఎద్దేవా ఉత్తిదేం కాదు. 2014లో కార్లను గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో ఎయిర్‌బ్యాగుల్లేని ఆల్టో 800కు, స్విఫ్ట్‌కు పెద్దల భద్రతలో సున్నా స్టార్లు వచ్చాయి. పదేళ్ళకు, 2024లో, కొత్త డిజైర్‌కు అదే సంస్థ ఐదు స్టార్లు ఇచ్చింది. నా ఉద్దేశంలో అక్కర్లేనిది తీసేసే తెలివి ఎక్కడ ఆగాలో ఆ కంపెనీకి చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసేలా చేసింది కూడా కొనేవాళ్ళ నిలదీతే. ఇదే మాట నాన్నతో అంటే, "అప్పుడు మనకు స్కూటరు కంటే పైన చినుకు పడకుండా ఉంటే చాలురా" అన్నారు. ఆయన లెక్క ఆయనది.

ఇంకో తమాషా. గురుగ్రామ్‌లో తయారైన ఐదు తలుపుల జిమ్నీని 2025 జనవరి ఆఖర్లో జపాన్లో అమ్మకానికి ప్రకటిస్తే నాలుగైదు రోజుల్లోనే 50 వేల ఆర్డర్లు పడి, బుకింగులు ఆపేయాల్సి వచ్చింది. మన దగ్గర అదే బండికి అంత గిరాకీ లేదు.

తిండి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఈ ఊరికి పేరు తెచ్చినవి రెండు. గ్యోజా అంటే మన కజ్జికాయ ఆకారంలో ఉంటుంది, లోపల మాత్రం పంది మాంసం, నాన్న వద్దన్నారు. ఉనాగి అంటే పాములా పొడుగ్గా ఉండే చేప, తియ్యటి పులుసు పూసి బొగ్గుల మీద కాల్చి అన్నం మీద పెడతారు. పళ్ళెం 4 వేల యెన్లు. చీరాల మనిషి చేపను కాదనడు, కానీ "చేపకు పంచదారేంట్రా?" అన్న ప్రశ్న మూడు రోజులూ వదల్లేదు. శాకాహారులు టిఫిన్ పొట్లాలు పట్టుకెళ్ళడం మంచిది. స్టేషన్ దగ్గరి వాద్యాల మ్యూజియం మాత్రం వదలకండి. యమహా, కవాయి పుట్టిన ఊరు మరి. హోండా కంపెనీ మొదలైందీ ఇక్కడే.

మూడో రోజు నగోయా వెళ్ళాం. షింకన్‌సెన్‌లో అరగంట ప్రయాణమే, అయినా మామూలు రైలెక్కి తోయోహాషిలో మారాం. గంటన్నర పైనే పట్టింది. చేతిలో టైముంటే మీరూ ఇలాగే వెళ్ళండి. బెంతెన్‌జిమా దగ్గర రైలు హమానా సరస్సు మీదుగా పోతుంది, నీళ్ళ మధ్య ఎర్రటి తోరణం నిలబడి ఉంటుంది. సరస్సుకు పడమర ఉన్న కొసాయిలోనే 1867లో టొయోటా కంపెనీకి మూలపురుషుడు సకిచి టొయోడా పుట్టాడు. ఆయనా వడ్రంగి ఇంటివాడే, ఆయన మొదలుపెట్టిందీ మగ్గంతోనే. ఒక్క సరస్సు చుట్టూ ఇంతమంది!

నగోయాలో టొయోటా పారిశ్రామిక మ్యూజియం ఉన్నది మెయితెత్సు లైన్లో ఒక్క స్టేషను దూరంలో, సాకో దగ్గర. ఎర్ర ఇటుకల పాత నేతమిల్లు అది. దీనికి టికెట్టుంది. కానీ ఇక్కడ మగ్గాలు నడుస్తాయి, అదే అసలు తేడా. సిబ్బంది ఒక్కొక్కటే ఆడించి చూపిస్తారు. 1924 నాటి జి రకం మగ్గంలో కండెలో నూలు అయిపోతే ఆగకుండానే నాడె మారిపోతుంది, పడుగులో పోగు తెగితే తనంత తానే ఆగిపోతుంది. దీని పేటెంటు 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్‌కు లక్ష పౌండ్లకు అమ్మారు. సకిచి కొడుకు కీచిరో మొదలుపెట్టిన కార్ల పనికి ఆ డబ్బే అండ అయిందంటారు.

పోగు తెగి మగ్గం ఆగగానే నాన్న ఊపిరి బిగబట్టారు. "మాకు తెగిన పోగు చూసుకోకపోతే మూర బట్ట పోయేది" అన్నారు మెల్లగా. తర్వాత మెడలోని కండువా అంచు నుంచి రెండు పోగులు లాగి, అక్కడి ఆవిడ ముందు వేళ్ళతో ముడి వేసి చూపించారు, రెప్పపాటులో. ఆవిడ నవ్వి, తన దగ్గరి నూలుతో అదే ముడి వేసి చూపించింది. ఒకరి భాష ఒకరికి రాదు. నేను మధ్యలో అనువదించబోయి మానుకున్నాను.

రెండిట్లో ఏదని అడిగితే, మగ్గాలకీ యంత్రాలకీ నగోయానే, పూటంతా కేటాయించండి. కార్ల హాలు పెద్దది, కాళ్ళు నొప్పులుంటే కుర్చీ చూసుకుంటూ తిరగండి. మారుతిలో పెరిగినవాళ్ళయితే హమామత్సు వెళ్ళండి. నగోయాలో నేను ఎక్కువ నేర్చుకున్నాను, హమామత్సులో ఎక్కువ నవ్వుకున్నాను.

ఆ రాత్రి నాన్న ఇంకొల్లు ఫోన్ చేయించారు. మా పాత 800 కొన్న మాస్టారు ఇంకా దాన్నే నడుపుతున్నారు. అక్కడ సాయంత్రం ఏడు.

"మాస్టారూ, మన బండి పుట్టింటికి వెళ్ళొచ్చానండీ" అన్నారు నాన్న.

"అలాగా! మరి పుట్టింటోళ్ళు పిల్లకేం పెట్టి పంపారండీ?"

నాన్న పక్కనున్న కాగితం సంచీ తెరిచి చూసుకున్నారు. "మ్యూజియం రంగుల కాగితాలు రెండండీ" అన్నారు. "చెప్పాగా, మహా పొదుపరులు."