పాత ఊళ్ళా, సముద్రమా, పల్లెటూరా: తిరుపతి నుంచి సెలవులకి వెళ్ళేవాళ్ళ కోసం

తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకి సెలవులొచ్చాయంటే ఇంటికి చుట్టాలొచ్చారనే అర్థం. ఎండాకాలం సెలవులైనా, దసరా అయినా, వరసగా రెండు రోజులు ఖాళీ దొరికినా హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో ఎవరో ఒకరు దర్శనానికి దిగుతారు, వాళ్ళకి వండిపెట్టి, కొండకి పంపించి, మళ్ళీ రైలెక్కించి వచ్చేసరికి మన సెలవులు కూడా అయిపోతాయి. వాళ్ళు రావడం మాకు సంతోషమే. కానీ ఏడాదంతా రద్దీలోనే బతికే ఊరు మనది, ఇక్కడినుంచి బయటపడి ఇంకో ఊళ్ళో మళ్ళీ క్యూలోనే నిలబడితే ఆ సెలవు సెలవే కాదు. నేను ఏ ఊరిని తూచినా ముందు ఈ లెక్కే చూస్తాను.

పాత రాజధానులు బాగుంటాయా, బీచ్ బాగుంటుందా, పల్లెటూళ్ళు బాగుంటాయా అని అడిగితే నేను ఎదురు రెండు ప్రశ్నలు అడుగుతాను. ఏ నెలలో వెళ్తున్నారు? మీతో ఎవరొస్తున్నారు? మా అత్తకి మోకాళ్ళ నొప్పులు, మా చిన్నోడికి ఎనిమిదేళ్ళు, మా ఆయనకి దొరికేది శని ఆదివారాలు, ఇంకో రెండు రోజులు. ఈ ముగ్గురికీ సరిపోయే ఊరు జనవరిలో ఒకటి, ఆగస్టులో ఇంకొకటి. ట్రావెల్స్ వాళ్ళు అమ్మే 'కోటలు, బీచ్, హిల్స్ అన్నీ ఒకే ప్యాకేజీలో' అనేదాన్ని మాత్రం ఎవరికీ చెప్పను. అందులో జాస్తిగా చూసేది బస్సు కిటికీనే.

పాత ఊళ్ళలో నా ఓటు హంపికి. కొండమీద దర్శనానికి లోపలికి పోయేటప్పుడు చేతులు జోడించి నిలబడిన శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాల్ని మనలో చూడనివాళ్ళుండరు. ఆ రాయలు అంత దూరం నుంచి వచ్చి మొక్కుకుని పోయిన దారిలో మనం వెనక్కి వెళ్ళి ఆయన ఊరు చూడటంలో ఉన్న ఆనందం వేరే ఊళ్ళవాళ్ళకి అంతగా తెలియదనుకుంటాను. అయితే హంపికి ముందు చంద్రగిరి చూడండి, పదిహేను కిలోమీటర్లే కదా ఎప్పుడైనా చూడొచ్చులే అనుకుని ఎప్పటికీ చూడనివాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. 1565 యుద్ధంలో హంపి నాశనమయ్యాక రాజధాని పెనుకొండకీ, తర్వాత చంద్రగిరికీ వచ్చింది. 1639లో ఇంగ్లీషువాళ్ళకి మద్రాసులో కోట కట్టుకోను చోటిచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈ చంద్రగిరి రాజుల కింద ఉన్నవాడే. రాజమహల్‌లో మ్యూజియం ఉంది, శుక్రవారం మూసేస్తారు, అది గుర్తుపెట్టుకుని పొద్దున్నే పోతే పెద్దగా జనం ఉండరు. ఈ చివర చూసి ఆ మొదలు చూడటానికి హంపికి పోతే పిల్లలకి కథ ఇంకా బాగా ఎక్కుతుంది.

తిరుపతి నుంచి హంపికి కారు అక్కర్లేదు. హరిప్రియ ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే పొద్దున హోస్పేటలో దిగొచ్చు, అక్కడినుంచి హంపి పదమూడు కిలోమీటర్లు, బస్సులూ ఆటోలూ ఉంటాయి. ఇబ్బందల్లా దిగిన తర్వాతే. మన ఊళ్ళో చాలా లాడ్జీల్లో ఎప్పుడు దిగితే అప్పటినుంచి 24 గంటలు, యాత్రికులు అర్ధరాత్రి వచ్చినా తెల్లవారుజామున వచ్చినా గది ఇస్తారు. ఈ అలవాటుతో బయటి ఊళ్ళకి పోతే మధ్యాహ్నం పన్నెండింటికిగానీ గది ఇవ్వమంటారు, రాత్రంతా రైల్లో కూర్చున్న పెద్దవాళ్ళు, పళ్ళు తోముకోని పిల్లలు, సామాన్లు, అన్నీ రిసెప్షన్ సోఫాలో. అందుకని బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి పొద్దున ఆరింటికి దిగుతాం, గది ఇస్తారా, ఇస్తే ఎంత అదనం అని అడిగి, ఒప్పుకున్నది మెసేజ్‌లో పెట్టించుకోవడం మంచిది.

ఎక్కడ ఉండాలన్నది కూడా ముఖ్యమే. హోస్పేటలో హోటళ్ళు పెద్దవి, లిఫ్టు, ఏసీ అన్నీ ఉంటాయి, కానీ అది మామూలు టౌను, సాయంత్రం చేయడానికి ఏమీ ఉండదు. కమలాపురంలో కర్ణాటక టూరిజం వాళ్ళ మయూర భువనేశ్వరి ఉంది, అక్కడినుంచి కట్టడాలు దగ్గర, పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళకి ఆ చుట్టుపక్కల ఉండటమే సుఖం. మేము మాత్రం విరూపాక్ష గుడి దగ్గర ఒక చిన్న హోమ్‌స్టేలో దిగాం. గది ఇరుకు, వేణ్ణీళ్ళు బకెట్‌తో తెచ్చిచ్చేవాళ్ళు, కానీ దుప్పట్లు ఉతికినవి, బాత్రూము పొడిగా ఉండేది. ఆ ఇంటామె బళ్ళారి వైపు మనిషి కావడంతో మా అత్తతో తెలుగులో మాట్లాడి, పొద్దున కాఫీలోకి చక్కెర తగ్గించాలా అని అడిగి మరీ ఇచ్చేది. నాకు ఆ గది పెద్ద హోటల్ కంటే జాస్తి నచ్చింది. గుడి దగ్గర మాంసాహారం దొరకదని ముందే తెలుసుకుని పోండి.

ఇక చూడటం. మాకు దొరికిన గైడు పూటలో మొత్తం అయిపోగొడతానని మొదలుపెట్టాడు, ఒక మంటపం దగ్గర మా అత్త కూర్చుంటే వాచీ చూసుకోవడం మొదలెట్టాడు. ఆ పూటకి డబ్బులిచ్చి పంపించేసి మాట్లాడుకున్న ఆటోలో మెల్లగా తిరిగాం, అప్పటినుంచే అసలు హంపి కనబడింది. విరూపాక్ష గుడి వెనక వైపు ఒక చీకటి గది ఉంటుంది, గోడలో సన్నటి సందులోంచి వచ్చే వెలుతురుకి ఎదుటి గోడమీద రాజగోపురం నీడ తలకిందులుగా పడుతుంది. మా చిన్నోడు చెయ్యి అడ్డంపెట్టి తీసి, అడ్డంపెట్టి తీసి, నీడ తన అరచేతిమీదికి వచ్చిందని అరిచాడు. హజార రామాలయం గోడలమీద రామాయణం వరసగా చెక్కి ఉంటుంది. మా అత్త పుత్రకామేష్టి దగ్గర మొదలుపెట్టి ఒక్కో బొమ్మ ముందూ ఆగి, ఇది ఫలానా ఘట్టం, ఇది ఫలానా ఘట్టం అని మాకే చెప్పుకుంటూ పోయింది, ఏ గైడూ అంత బాగా చెప్పలేడు. మోకాళ్ళ నొప్పి సంగతి ఆ గంటసేపు ఎత్తలేదు.

విఠ్ఠల గుడికి బండ్లు లోపలికి పోనివ్వరు, పార్కింగ్ దగ్గర బ్యాటరీ బండి ఎక్కాలి, దానికీ ఒక్కోసారి క్యూ ఉంటుంది కాబట్టి తెరిచే టైముకే చేరుకుంటే నయం. టికెట్ 40 రూపాయలు, పదిహేనేళ్ళలోపు పిల్లలకి ఉచితం. అదే టికెట్‌మీద అదే రోజు లోటస్ మహల్ వైపు కూడా చూడొచ్చు, కాబట్టి చింపి పారేయకండి. యాభై రూపాయల నోటుమీద ఉన్న రాతి రథం ఇక్కడిదే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే పోండి. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలకి సెలవులని హంపికి తీసుకుపోతే బండరాళ్ళ వేడికి పదకొండింటికే గదికి రావాల్సి వస్తుంది, ఎవరు ఎంత చెప్పినా ఆ టైములో వద్దు.

సముద్రం సంగతికి వస్తే, మన పాత చిత్తూరు జిల్లాకి సముద్రమే లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు గూడూరు, సూళ్ళూరుపేట వైపు కలిసి తిరుపతి జిల్లాకి తీరం వచ్చింది. అయినా బీచ్ అనగానే మనవాళ్ళు చెన్నై వైపే చూస్తారు. చలికాలంలో ఒక పగలు చాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది పులికాట్ సరస్సు, నేలపట్టు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకి రెండు వైపులా ఉప్పునీళ్ళే, వాటిలో ఫ్లెమింగోలు. నేలపట్టు చెరువులో నీళ్ళలో నిలబడిన కడప అనే చెట్లమీద గూడబాతులు గూళ్ళు కట్టుకుని ఉంటాయి. బైనాక్యులర్ ఒకటి తీసుకుపోండి, లేకపోతే పిల్లలకి తెల్లచుక్కలే కనిపిస్తాయి. తాగునీళ్ళు, తిండి ఇంటినుంచే పట్టుకుపోతే మంచిది.

రాత్రి సముద్రం పక్కన పడుకోవాలనుంటే మహాబలిపురం. కంచి మీదుగా పోతే దారిలో ఎనిమిదో శతాబ్దపు కైలాసనాథ గుడి కూడా చూడొచ్చు, పెద్ద గుళ్ళ రద్దీ అక్కడుండదు. మహాబలిపురంలో అర్జున తపస్సు అనే పెద్ద రాతి చెక్కడంలో ఏనుగులు అందరికీ కనబడతాయి, వాటి ముందు కింది భాగంలో ముందుకాళ్ళు పైకెత్తి తపస్సు చేస్తున్న పిల్లిని, దాని చుట్టూ ఉన్న ఎలుకల్ని వెతకమని పిల్లలకి చెప్పండి. సముద్రపు ఒడ్డు గుడిమీద బొమ్మల ముక్కూ మొహం ఉప్పుగాలికి అరిగిపోయి ఉంటాయి, దగ్గరికి పోయి చూస్తే మనసు బాధపడుతుంది.

కానీ అక్కడ రిసార్టుల విషయంలో జాగ్రత్త. మేము దిగినచోట ఫొటోలో బాల్కనీ ముందు సముద్రం ఉంది, గదిలోకి పోతే కిటికీ బయట జనరేటరు. అడిగితే 'సీ వ్యూ' అంటే ప్రాపర్టీ నుంచి సముద్రం కనిపిస్తుందని అర్థమన్నారు. శని ఆదివారాలకి రేటు దాదాపు రెట్టింపు, రాత్రి పదకొండు దాటినా డీజే. మేనేజరుతో మా ఆయన చాలాసేపు మాట్లాడాక వెనక వైపు గది మార్చారుగానీ డబ్బు వెనక్కివ్వలేదు. అప్పటినుంచి గది నంబరు చెప్పి, ఆ గది కిటికీలోంచి తీసిన వీడియో వాట్సాప్‌లో పంపమని అడిగాకే అడ్వాన్సు వేస్తున్నాం. పంపనన్న చోటికి పోవడం లేదు.

ఇంకోమాట, ఇది గట్టిగా చెప్తున్నా. మన తూర్పు తీరం ఈతకొట్టే తీరం కాదు. మైపాడైనా, మహాబలిపురమైనా, వైజాగ్ ఆర్కే బీచ్ అయినా అలలు వెనక్కి లాగుతాయి, కాళ్ళకింద ఇసుక జారిపోతుంది. మోకాలి లోతు దాటనివ్వకండి, కాలేజీ పిల్లలు గుంపుగా పోతుంటే ఇంట్లోవాళ్ళు ఒకటికి రెండుసార్లు చెప్పి పంపండి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు కూడా ఇటే వస్తాయి కాబట్టి దసరాకి బీచ్ అనుకునేవాళ్ళు క్యాన్సిల్ చేస్తే డబ్బిచ్చే గదే తీసుకోవాలి. పుదుచ్చేరికి ఇదే వర్తిస్తుంది. సాయంత్రాలు బీచ్ రోడ్డుమీద బండ్లు ఆపేస్తారు, పెద్దవాళ్ళు హాయిగా నడవొచ్చు, అయితే అక్కడ జాస్తిగా ఉండేది బండరాళ్ళే, ఇసుకలో ఆడుకోవాలని పోయే పిల్లలు నీరసపడతారు. ఒక రాత్రికి మించి అక్కర్లేదు.

పల్లెటూరు, కొండగాలి కావాలంటే మనం దూరం పోనక్కర్లేదు, ఇదే మనకి బాగా దొరికేది, మనం తక్కువగా వాడుకునేది కూడా. మదనపల్లె దాటాక హార్స్‌లీ హిల్స్ ఉంది, పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ, నాలుగు వేల అడుగుల పైన ఉంటుంది, మే నెలలో కూడా రాత్రి దుప్పటి కావాలి. టూరిజం వాళ్ళ హరిత గదులు ఎండాకాలంలో దొరకడం కష్టం, శని ఆదివారాలు వదిలేసి సోమ మంగళవారాలు పోతే గాలిబండమీద ప్రశాంతంగా కూర్చోవచ్చు. భాకరాపేట ఘాట్‌లో రాత్రిపూట డ్రైవింగ్ పెట్టుకోవద్దు. మదనపల్లెలో ఆగితే బిసెంట్ థియొసాఫికల్ కాలేజీ చూడండి, 1919లో ఠాగూర్ జనగణమనని ఇంగ్లీషులోకి రాసింది అక్కడే. తలకోన జలపాతానికి మాత్రం వానలు పడ్డాక పోవాలి, ఎండల్లో పోయి సన్నటి ధార చూసి తిట్టుకుంటూ వచ్చేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు.

నాకు అన్నిటికంటే నచ్చింది పలమనేరు వైపు ఒక రైతు కుటుంబం నడిపే చిన్న బస. రెండే గదులు, టీవీ లేదు. పొద్దున పాలు పిండే టైముకి పిల్లల్ని లేపి తీసుకుపోయారు, మధ్యాహ్నం రాగిసంగటి, ఊరుబిండి, సాయంత్రం దగ్గర్లో మట్టిబొమ్మలు చేసేవాళ్ళ దగ్గరికి. ఇంటి పెద్దాయన వచ్చిన వెంటనే చెప్పిన మాట ఒక్కటే: "అమ్మా, చీకటి పడినాక తోటలోకి పోవద్దండి, ఏనుగులు తిరగతా ఉంటాయి." కౌండిన్య అడవి పక్కనే కాబట్టి అది ఊరికే చెప్పిన మాట కాదు, పక్క పొలంలో తొక్కేసిన అరటిచెట్లు పొద్దున మాకు చూపించాడు. పంట పోయిన రైతుతో కూర్చుని మాట్లాడితే పల్లె ప్రశాంతంగా ఉంటుందని మనం అనుకునేదానికి ఇంకో పక్క కూడా ఉందని పిల్లలకి అర్థమైంది. ఇలాంటి చోట బేరం ఆడకండి, అడిగినంత ఇవ్వండి. బాత్రూము ఇండియనా వెస్ట్రనా, దగ్గర ఆసుపత్రి ఎంత దూరం అన్నది మాత్రం పెద్దవాళ్ళుంటే ముందే కనుక్కోవాలి.

కాబట్టి మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి ఇది. ఎండాకాలం కొండగాలి, వానలు పడ్డాక తలకోన, పలమనేరు, చలికాలం పాత ఊళ్ళు, సముద్రం ఎప్పుడైనా ఒక్క రాత్రి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి సంక్రాంతి తర్వాత హంపి పోవాలనుకునేవాళ్ళు నవంబరు మధ్యలోనే హరిప్రియ టికెట్లు చూసుకోవాలి. కనుమనాడు కాకైనా కదలదంటారు, ఆ రోజు ఇంట్లోనే ఉండి తర్వాతి రోజు రాత్రికి బుక్ చేసుకోండి, పెద్దవాళ్ళకి కింది బెర్తులు దొరుకుతాయో లేదో చూసుకున్నాకే గది అడ్వాన్సు కట్టండి.