మెట్టుపాళయం నుంచి కూనూరు: నాన్నతో పొగబండిలో

ఊటీలో టాయ్ ట్రైన్ ఎక్కొచ్చామని చెప్పేవాళ్లలో చాలామంది ఎక్కింది డీజిల్ బండి. ఊటీ, కూనూరు మధ్య రోజూ తిరిగేవి అవే. ఆవిరి ఇంజను పనంతా కింద, కొండ మొదట్లో ఉన్న మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా. పదేళ్ల కిందట నాకూ ఆ సంగతి తెలీదు. అందుకే ఈసారి నాన్నను తీసుకుని కింది నుంచే బయల్దేరాను.

బండి పొద్దున 7.10కి. చెన్నై వాళ్లకు సుఖం, నీలగిరి ఎక్స్‌ప్రెస్ దిగి ఇది ఎక్కడమే. మేం కోయంబత్తూరు మీదుగా వచ్చాం కాబట్టి రాత్రి మెట్టుపాళయంలో ఉండాల్సి వచ్చింది. స్టేషన్ దగ్గర లాడ్జి. ఫోన్లో "24 గంటలూ వేడినీళ్లు" అన్నారు. తెల్లారి ఐదింటికి అడిగితే "ఆరున్నర తర్వాతే సార్" అన్నారు. నాన్న చన్నీళ్లతో కానిచ్చారు. గది మాత్రం శుభ్రంగా ఉంది, ఒక్క రాత్రికి పర్లేదు.

ఫస్ట్ క్లాస్ తీసుకుని పొరపాటు చేశాను. ఎక్కేటప్పుడు ఇంజను వెనకుండి నెడుతుంది. ఫస్ట్ క్లాస్ పెట్టె అన్నిటికంటే ముందుంది. లోయలు బాగా కనిపిస్తాయి, సీట్లూ మెత్తన, కానీ మేం చూడ్డానికొచ్చింది మాకు నాలుగు పెట్టెల అవతల బుసలు కొడుతోంది.

కల్లార్ దాటాక పట్టాల మధ్య పళ్లపట్టా, అంటే రంపంలా పళ్లున్న ఇనుప పట్టీ, మొదలవుతుంది. అక్కణ్ణుంచి బాగా నిటారుగా ఉన్నచోట ప్రతి 12.28 అడుగులకూ ఒక అడుగు ఎత్తు. వేగం గంటకు 13 కిలోమీటర్లు మించదు. ప్రతి పెట్టెకీ ఒక బ్రేక్‌మన్, చేతిలో జెండాలు. ఆ పళ్లు రెండు వరసల్లో, ఒకదాని సందుకి ఇంకోటి వచ్చేలా ఉంటాయి. ఇంజను కిందున్న చక్రానికి ఎప్పుడూ ఏదో ఒక పన్ను దొరుకుతూనే ఉంటుందన్నమాట.

హిల్‌గ్రోవ్‌లో ఇంజనుకు నీళ్లు పట్టడానికి ఆగగానే నాన్న వెనక్కి పరుగు. చదువుకునే రోజుల్లో గుంతకల్లులో మీటర్‌గేజ్ పొగబండ్లు ఎక్కిన మనిషి. ఇదీ మీటర్‌గేజే. అయినా ఈ ఇంజను వేరే జాతి. పక్కకు రెండేసి సిలిండర్లు, ఒకదాని మీద ఒకటి. కిందివి మామూలు చక్రాలు తిప్పుతాయి. పళ్లపట్టా వచ్చాక, కింద వాడేసిన ఆవిరే పై సిలిండర్లలోకి వెళ్లి పళ్లచక్రాలను తిప్పుతుంది. బండి కదిలినప్పుడు కింది కడ్డీలు నిదానంగా, పైవి హడావిడిగా ఆడుతుంటే, ఒకే ఇంట్లో తాతా మనవడూ నడుస్తున్నట్టుంది. "బొగ్గు వాసన రాదేంరా?" అన్నారు నాన్న. మాది బొగ్గు బదులు నూనె మండించి ఆవిరి పుట్టించే ఇంజను. ఆయన మొహం కాస్త వాడిపోయింది. అక్కడ వడలు బాగున్నాయి, కోతులతో మాత్రం జాగ్రత్త.

ఈ ఎక్స్ తరగతి ఇంజన్లు మొదట స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థర్ నుంచి వచ్చాయి, 1914 నుంచి. పాతవి అరిగిపోయాక అదే నమూనాలో కొత్తవి తిరుచ్చి దగ్గరి పొన్మలై వర్క్‌షాపులో కట్టారు. 2011 నుంచి నూనెవి, 2021లో బొగ్గుది కూడా. పాత ఇంజన్లను తుడిచి అద్దాల గదిలో పెట్టేయడం తేలిక. 2005లో యునెస్కో గుర్తింపు వచ్చిన లైను మీద అదే రకం ఇంజన్లతో ఇంకా కొండ ఎక్కిస్తుండటమే నాకు నచ్చింది. కొత్తగా కట్టినదాన్ని పాతదనొచ్చా అని నాన్న వాదించారు. పనివాళ్ల చేతుల్లో విద్య పోకుండా ఉండాలంటే కట్టాల్సిందేనని నేనన్నాను. తేలలేదు.

కూనూరులో ఆవిరి ఇంజను తప్పుకుని డీజిల్ తగిలించారు. మేం అక్కడే దిగిపోయాం. ఊటీ రద్దీ కంటే ఇక్కడ ఉండటమే నయం. మా హోమ్‌స్టేలో వేడినీళ్లు ఎప్పుడడిగితే అప్పుడు, రాత్రికి రసం అన్నం, మెట్లు మాత్రం ఎక్కువ, మోకాళ్ల నొప్పులవాళ్లు ముందే అడగండి. 1874 నాటి సిమ్స్ పార్కుకు గంటన్నర చాలు. ఇంజన్లు ఉంచే లోకోషెడ్ కూనూరులోనే ఉంది, మేం బయటి నుంచే చూశాం.

టికెట్లు బాగా ముందే చేసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొండచరియలు పడి బండి ఆగిపోతుంటుంది, ఆ నెలల్లో నమ్ముకోవద్దు.

తిరుగు ప్రయాణానికి సెకండ్ క్లాస్‌లో ఇంజను పక్క పెట్టె దొరికింది. దిగేటప్పుడు ఇంజను ముందుంటుంది, మూతి కొండ వైపు పెట్టుకుని వెనక్కి నడుస్తుంది. మెట్టుపాళయంలో దిగేసరికి నాన్న తెల్ల చొక్కా మీద నల్లటి తుంపర్లు. లాడ్జివాడు ఉతికిస్తానన్నా ఇవ్వలేదు.