బ్లాక్ ఫార్మాటర్: ఏడాది వాడకం తరువాత

తెలుగు లిపిని రోమన్‌లోకి మార్చే, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన చిన్న కోడ్ లైబ్రరీని మేము ఆరుగురం తిరుపతిలో, బాలాజీ కాలనీలోని ఒక మిత్రుని మేడమీద, ఆదివారాలు కూర్చుని నిర్వహిస్తున్నాము. కోడ్ అందరికీ తెరిచి ఉన్నది కనుక చిత్తూరు విద్యార్థులూ ప్యాచ్‌లు, అంటే కోడ్‌కు సవరణలు, పంపుతుంటారు. వాటిని పరిశీలించే సమయంలో సగం ఒంటి కొటేషన్లా, జంట కొటేషన్లా అనే తగవుకే పోయేది. పైథాన్ కోడ్ రాసే శైలికి 2001 నాటి మార్గదర్శి అయిన పెప్ 8 ఈ విషయంలో ఏ పక్షమూ వహించదు. ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడమంటుంది. ఆ ఎంచుకోవడమే మాకు కుదరలేదు.

లూకాష్ లాంగా 2018లో విడుదల చేసిన బ్లాక్, అంటే పైథాన్ కోడ్‌ను దానంతటదే ఒకే శైలిలో అమర్చే ఫార్మాటర్, ఆ పనిని మా చేతుల్లోంచి తీసేసుకుంది. జంట కొటేషన్లు, లైనుకు 88 అక్షరాలు. మార్చుకోగల అమరికలు చాలా తక్కువ. మాలో ఎవరికీ నచ్చిన శైలి కాదది, అందుకే ఎవరూ ఓడిపోయినట్లు అనిపించలేదు. కోడ్‌ను తిరగరాశాక దాని అర్థం మారలేదని వ్యాకరణ వృక్షాలను (కోడ్ నిర్మాణాన్ని చూపే రూపాలను) పోల్చి చూసుకోవడం నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం.

మొదటి రోజు పొరపాటు మాదే. ఒక బగ్ సవరణనూ మొత్తం కోడ్ అమరికనూ ఒకే కమిట్‌లో, అంటే ఒకేసారి భద్రపరచే మార్పుల మూటలో, కలిపేశాము; ఏ లైనును చివరగా ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్‌లో ప్రతి లైనూ నా పేరు మీదే కనబడింది, అప్పటికే వచ్చి ఉన్న ప్యాచ్‌లన్నీ చిక్కుపడ్డాయి. అమరికను విడి కమిట్‌గా చేసి, దాని సంఖ్యను బ్లేమ్ విస్మరించవలసిన జాబితాలో చేర్చి ఉంటే సరిపోయేది.

మరొక లోపం మా భాషకే తగిలింది. క ఖ గ ఘ ఙ మొదలుగా అయిదు వరుసల్లో పొందికగా రాసుకున్న వర్గాక్షరాల జాబితా మొత్తం ఒకే లైనులో పెడితే 88 అక్షరాలు దాటుతుంది కనుక, బ్లాక్ దానిని లైనుకొక అక్షరం చొప్పున ఇరవై అయిదు లైన్లుగా నిలువునా పేర్చింది. పలకమీద దిద్దిన వాళ్లకు ఆ దృశ్యం కంటగింపే. ఆ భాగానికి ముందూ వెనుకా ఫార్మాట్ ఆపమనే వ్యాఖ్యలు పెట్టుకున్నాము.

బ్లాక్ ఉచితం, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవడానికి వీలిచ్చే ఎంఐటీ లైసెన్సు కలది. ఏటా జనవరిలో శైలి కొంత మారవచ్చు కనుక అందరి యంత్రాల్లోనూ ఒకే వెర్షన్ ఉండేలా చూసుకోవాలి. పేర్ల జోలికి మాత్రం ఇది రాదు. వేరియబుల్‌ను హల్లులు అనాలా, కాన్సొనెంట్స్ అనాలా అన్న తగవు వచ్చే ఆదివారానికి అలాగే ఉంది.