ఫటోర్డా ఫైనల్: పసుపు జెర్సీలో, పసుపు స్టాండులో

మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడు మన ఊళ్లో లేదు. 2019లో పుణె జట్టు స్థానంలో వచ్చింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఆ వార్త చదివిన రోజు మా మామయ్య భోజనం దగ్గర ఒక్క మాటా మాట్లాడలేదు. అందుకే ఆ జట్టు కోసం మేం మొదటిసారి ఊరు దాటి వెళ్లిన ప్రయాణం గురించి రాసిపెట్టాలనిపించింది. ఆ ప్రయాణంలో మమ్మల్ని మోసం చేసినవాళ్లున్నారు, మర్చిపోలేని మర్యాద చేసినవాళ్లూ ఉన్నారు. ఇద్దరి గురించీ చెప్పాలి.

2022 మార్చి 20, ఆదివారం. గోవాలో మడ్‌గావ్ పక్కనే ఉన్న ఫటోర్డా స్టేడియంలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్, హైదరాబాద్‌కూ కేరళ బ్లాస్టర్స్‌కూ మధ్య. కాగితం మీద తటస్థ వేదికే. కానీ కేరళ నుంచి కొంకణ్ రైలెక్కితే నేరుగా మడ్‌గావ్‌లో దిగొచ్చు. వాళ్లు వేలల్లో వస్తారని అందరికీ తెలుసు. మనవాళ్లు ఎంతమంది వస్తారో కూడా తెలుసు. మా దృష్టిలో అది పక్కా అవే మ్యాచే, అంటే ఎదుటి జట్టు గడ్డ మీద ఆటే.

కోవిడ్ వల్ల రెండు సీజన్లు లీగ్ మొత్తాన్నీ ప్రేక్షకులు లేకుండా గోవాలోనే ఆడించారు. మొదటి సీజన్‌లో గచ్చిబౌలిలో అట్టడుగున నిలిచిన జట్టును కళ్లారా చూసినవాళ్లం మేం. అదే జట్టు కోచ్ మనోలో మార్కెజ్ చేతిలో పడి ఫైనల్‌కు ఎదుగుతుంటే మాత్రం టీవీలోనే చూడాల్సి వచ్చింది. ఫైనల్‌కు జనాన్ని రానిస్తారనగానే మామయ్య ఫోన్ చేశారు. "బస్సు చూడరా. ఎంతైనా సరే."

మామయ్యది బొల్లారం. భారత జట్టుకు ఆడిన తులసీదాస్ బలరామ్ పుట్టిన అమ్ముగూడ అక్కడికి దగ్గరే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలవడం, రహీమ్ సాబ్ శిక్షణలో భారత్ 1962 ఏషియాడ్‌లో బంగారు పతకం తేవడం, ఇవన్నీ ఆయనకు వాళ్ల నాన్న చెప్పిన కథలు. ఆయన కాలానికి ఆ వైభవం ఏమీ మిగల్లేదు. హైదరాబాద్ పేరుతో ఒక జట్టు పెద్ద కప్పు ఎత్తడం ఆయన ఎన్నడూ చూడలేదు.

టికెట్లు మా ఆఫీసులో పనిచేసే కొచ్చి మిత్రుడు తీశాడు. అవి దొరకడమే గగనంగా ఉన్న సమయంలో తన గ్యాంగుతో పాటు మాకూ మూడు తీసిపెట్టి, డబ్బులిస్తే తీసుకోలేదు. దాని అర్థం స్టేడియంలోకి వెళ్లాక గాని పూర్తిగా తెలియలేదు. మా సీట్లు కేరళ అభిమానుల నడిమధ్యన.

ఇక ఖర్చులు. అది హోలీ వారాంతం. మామూలు రోజుల్లో 1,300కు దొరికే స్లీపర్ బస్సు టికెట్ తలకు 2,350 పడింది. శుక్రవారం సాయంత్రం లక్డీకాపూల్‌లో ఎక్కితే శనివారం ఉదయం పదిన్నరకు మడ్‌గావ్‌లో దింపాడు, చెప్పిన టైమ్‌కు రెండు గంటలు ఆలస్యంగా. ఘాట్ రోడ్డులో మా తమ్ముడికి వాంతులు. అవి భరించొచ్చు. భరించలేనిది ఆ తర్వాత మొదలైంది.

స్టేషన్‌కు దగ్గర్లో ఒక లాడ్జిలో ముగ్గురికి గది, రాత్రికి 1,600 చొప్పున, యాప్‌లో ముందే బుక్ చేశాం. మొదటి రాత్రి డబ్బు పూర్తిగా కట్టేశాం కూడా. కౌంటర్లో మనిషి నా ఫోన్ తీసుకుని చూసి తిరిగిచ్చి, "ఈ బుకింగ్ మాకు రాలేదు" అన్నాడు. సరే, గది ఉందా అని అడిగాను. ఉందట. రేటు 4,500.

అతని వెనక గోడకు తాళాల బోర్డు ఉంది. ఇత్తడి బిళ్లలు కట్టిన తాళంచెవులు సగానికి పైగా అక్కడే వేలాడుతున్నాయి. మామయ్య వాటినే చూస్తూ, "మా బుకింగ్ రాలేదన్నవ్ సరే, గదులైతే ఖాళీగానే ఉన్నయి కదా? మేం కట్టిన రేటుకే ఇయ్యి" అని హిందీలో అడిగారు. "సార్, మ్యాచ్ ఉంది. సాయంత్రానికి ఇదే గది ఆరు వేలు" అన్నాడతను, కళ్లు ఫోన్‌లోంచి ఎత్తకుండా. మా వెనకాల ఇద్దరు మలయాళీ కుర్రాళ్లు బ్యాగులతో నిలబడ్డారు. వాళ్లకూ అదే జవాబు.

యాప్ వాళ్ల కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకమ్మాయి లైన్‌లోకి వచ్చి, "మీరు హోటల్‌కు రాలేదని వాళ్లు నమోదు చేశారు సార్" అంది. నేను ఆ కౌంటర్ మీద మోచెయ్యి పెట్టుకునే మాట్లాడుతున్నాను. ఆ మాట స్పీకర్‌లో అతనికీ వినిపించింది. అయినా తల ఎత్తలేదు. మామయ్య గొంతు పెంచారు. రాత్రంతా నిద్రలేక, తిండి లేక తమ్ముడు మెట్ల మీద కూలబడ్డాడు. గంటసేపు ఇదే తంతు. తర్వాత ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పెడితే మా 1,600లో 1,360 వెనక్కి వచ్చాయి. మిగిలిన 240 సేవా రుసుమట. ఏం సేవ చేశారో ఈనాటికీ తెలియదు.

పెద్ద మ్యాచ్ ఉన్న రోజుల్లో స్టేడియం ఊళ్లోనే దిగాలని పట్టుబట్టకండి. బుకింగ్ యాప్ స్క్రీన్‌షాట్‌ను నమ్ముకోకండి. బయలుదేరే ముందు లాడ్జికే ఫోన్ చేసి పేరు, రేటు చెప్పించుకుని, అదే మాట వాట్సాప్‌లో రాయించుకోండి. రాయనన్నాడంటే ఆ గది మీది కాదన్నట్టే.

లాడ్జి బయట కలిసిన ఆ మలయాళీ కుర్రాళ్లే మాకు దారి చూపించారు. కోల్వాలో ఇళ్లల్లో గదులు ఇస్తారని వాళ్ల స్నేహితుడెవరో చెప్పాడట. ఆరు కిలోమీటర్లు, ఆటోకు 250. బీచ్ రోడ్డు నుంచి లోపలికి వెళ్తే కొబ్బరి చెట్ల మధ్య పాత పెంకుటిల్లు. ఇంటావిడకు అరవై దాటి ఉంటాయి. గది 2,200, ఏసీ లేదు, ముగ్గురికీ మంచాలున్నాయి. రెండు రాత్రుల డబ్బు ముందే తీసుకుని, స్కూలు నోటుపుస్తకంలో తేదీ, మొత్తం, నా పేరు రాసి, ఆ సగం కాగితం చింపి చేతికిచ్చింది. మామయ్య ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుని ఆ రోజు మొదటిసారి నవ్వారు.

ఆవిడే భోజనానికి బెనౌలిం దారిలో ఒక చిన్న హోటల్ చెప్పింది. ఫిష్ థాలీ 180. స్టీలు కంచంలో లావు బియ్యపు అన్నం, కొబ్బరి, చింతపండు పులుపుతో ఎర్రటి చేపల పులుసు, బొంబాయి రవ్వ అద్ది వేయించిన బంగడా చేప, కోకం అనే పుల్లటి పండుతో చేసిన గులాబీ రంగు సోల్ కడీ. పక్కన చెంచాడు కిస్మూర్. ఎండు రొయ్యలు, కొబ్బరి, ఉల్లిపాయ కలిపింది. మన ఎండు రొయ్యల పొడి తిన్న నోటికి అది కొత్తగా అనిపించదు. పొద్దున లాడ్జి మెట్ల మీద కూలబడిన తమ్ముడు అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు. బీచ్ ఒడ్డున మెనూ కార్డు పెట్టి అప్పట్లో 450 తీసుకున్న చోట్ల ఇలాంటి తిండి దొరకదు. మరుసటి రోజూ అక్కడే తిన్నాం.

స్కూటర్లు రెండు, రోజుకు 450 చొప్పున. అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల ప్లేటు బండి చవగ్గా ఇస్తామంటే తీసుకోకండి, పోలీసులు ఆపేది వాటినే. పెట్రోలు అప్పట్లో మన దగ్గర 108 దాటి ఉంటే గోవాలో అంతకు పది రూపాయల పైనే తక్కువ. స్కూటర్ లేకుంటే మాత్రం మ్యాచ్ అయ్యాక కష్టం. ఆ రాత్రి స్టేడియం బయట కోల్వాకు 1,200 అడుగుతున్నారు టాక్సీవాళ్లు.

ఆదివారం సాయంత్రం ఫటోర్డా చేరేసరికి ఎటు చూసినా పసుపే. అక్కడ మాకొక చిత్రమైన చిక్కు వచ్చింది. హైదరాబాద్ జెర్సీ పసుపు, కేరళ జెర్సీ పసుపు. లీగ్ పట్టికలో మనవాళ్లు పైన ఉన్నారు కాబట్టి ఫైనల్‌లో పసుపు వేసుకునే హక్కు హైదరాబాద్‌కు దక్కింది. కేరళ ఆటగాళ్లు వేరే రంగులో దిగారు. వాళ్ల అభిమానులు మాత్రం పసుపే కట్టుకొచ్చారు. ఆ వేల మందిలో మా ముగ్గురి జెర్సీలు ఎవరి కంటా పడలేదు. పక్క సీట్లో పెద్దాయన మామయ్యకు మలయాళంలో ఏదో చెప్పి భుజం తట్టాడు. మామయ్య తలూపారు.

కేరళ అభిమానుల సంఘం మంజప్పడ డప్పుల హోరు టీవీలో విన్నదానికీ అక్కడ విన్నదానికీ పోలికే లేదు. ఛాతీలో మోగుతుంది. ఎదురు స్టాండులో ఓ మూల మనవాళ్లు గుంపుగా కనిపిస్తున్నారు, నోళ్లు కదులుతున్నాయి, శబ్దం మాత్రం మాదాకా రావడం లేదు. ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టిన మన ఓగ్బెచేకు బంతి అందిందంటే చాలు, చుట్టూ ఈలలు.

68వ నిమిషంలో కేరళ ఆటగాడు రాహుల్ కేపీ కొట్టాడు. బంతి మన గోల్‌కీపర్ కట్టిమణి చేతులకు తగిలి లోపలికి పోయింది. పక్కనున్న పెద్దాయన మామయ్యను అమాంతం కౌగిలించుకుని పైకెత్తాడు. ఆయన భుజం మీదుగా మామయ్య నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్లముందుంది. తమ్ముడు తల దించుకున్నాడు. నా చొక్కా పట్టుకుని ఎవరో ఊపుతున్నారు. అంత సంబరం మధ్య అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను.

అప్పటినుంచి 88వ నిమిషం దాకా గడియారం వంక చూడటమే పని. ఆటలోకి మారుగా వచ్చిన సాహిల్ తవోరా, గోవా కుర్రాడు, పెనాల్టీ బాక్స్ బయట బంతి పైనుంచి దిగుతుంటే నేలకు తగలనివ్వకుండా కొట్టాడు. వల ఊగింది. మా తమ్ముడు కుర్చీ ఎక్కి అరిచాడు. ఆ అరుపు ఆగేసరికి మా చుట్టూ అంతా నిశ్శబ్దం, తలలన్నీ మావైపే. నాకు నిజంగా భయమేసింది.

పెద్దాయన మామయ్య జెర్సీ మీది గుర్తును వేలితో తాకి చూశాడు. "హైదరాబాద్?" అన్నాడు. మామయ్య "హైదరాబాద్" అన్నారు. ఆయన కాసేపు చూసి, తన నీళ్ల ప్యాకెట్ తమ్ముడికిచ్చి, "గుడ్ గోల్" అని కూర్చున్నాడు. వెనక వరసలో ఒకడు ఏదో అనబోతే ఆయనే వెనక్కి తిరిగి చెయ్యెత్తి ఆపాడు. అదనపు సమయం అంతా మేం మా జట్టుకు అరిచాం, వాళ్లు వాళ్ల జట్టుకు అరిచారు.

పెనాల్టీలు మామయ్య చూడలేదు. కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తమ్ముడిని అడుగుతూ పోయారు. కేరళ ఆటగాడు లెస్కోవిచ్ కొట్టింది కట్టిమణి ఆపాడు. నిషు కుమార్‌ది ఆపితే, కట్టిమణి ముందే గోల్ గీత దాటాడని రెఫరీ మళ్లీ కొట్టించాడు. మళ్లీ అదే మనిషిది మళ్లీ ఆపాడు! మన సివెరియో తప్పాడు. జీక్సన్‌దీ ఆపేశాడు కట్టిమణి. చివరిగా హాలీచరణ్ నర్జరీ కొట్టాడు, 3-1. మొదటి గోల్ చేతుల్లోంచి జారవిడిచిన మనిషే కప్పు తెచ్చిపెట్టాడు.

మామయ్య లేవలేదు. ముఖం తుడుచుకుంటూ, "మా నాన్న ఉండాల్సిందిరా" అన్నారు. పక్కన పెద్దాయన కూడా ఏడుస్తున్నాడు. 2014, 2016, మళ్లీ ఇప్పుడు, ఫైనల్ ఓడిపోవడం వాళ్లకది మూడోసారి. వెళ్లేముందు మామయ్యతో చెయ్యి కలిపి మెట్లు దిగిపోయాడు. పేరు కూడా అడగలేదు మేం.

బయట నా ఆఫీసు మిత్రుడు దొరికాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏం మాట్లాడాలో తెలియక నిలబడితే, "ఆకలేస్తోంది, పద" అన్నాడు. మడ్‌గావ్‌లో ఒక బండి దగ్గర రోస్ ఆమ్లెట్ తిన్నాం. ఆమ్లెట్ మీద వేడివేడి కోడి షాకుతీ (గోవా మసాలా కూర) గ్రేవీ పోసి, పచ్చి ఉల్లిపాయ చల్లి, పావ్‌తో ఇస్తారు, అప్పట్లో 60 రూపాయలు. అర్ధరాత్రి దాటాక అంత రుచిగా మరేదీ ఉండదు. ఓడినవాళ్ల గ్యాంగే బిల్లు కట్టింది. ఎంత పోట్లాడినా మా డబ్బు తీసుకోనివ్వలేదు.

సోమవారం బీచ్‌లో గడిచింది, చెప్పుకోదగ్గదేమీ లేదు. తిరుగు బస్సు 1,450. మ్యాచ్ టికెట్ కాకుండా మొత్తం తలకు 8,400 దాకా అయింది, లాడ్జివాడి పుణ్యాన పోయిన 240తో కలిపి. తర్వాతి సీజన్‌లో మా మిత్రుడు తన జట్టు కోసం గచ్చిబౌలికి వచ్చినప్పుడు టికెట్టు మేం తీశాం, మ్యాచ్ అయ్యాక బిర్యానీ మామయ్య పెట్టించారు.