కేపీహెచ్‌బీలో మా ఫ్లాట్: అమ్మే ముందు ఉన్నది ఉన్నట్టు

హైదరాబాద్ కూకట్‌పల్లిలోని కేపీహెచ్‌బీ (హౌసింగ్ బోర్డు) కాలనీలో మా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌ను అమ్మకానికి పెట్టాం. చూడ్డానికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేవి మూడే: ఫేసింగ్ ఏంటి, ఎన్ని ఎస్‌ఎఫ్‌టీ, ఎంతకిస్తారు. తూర్పు ఫేసింగ్, 1,240 ఎస్‌ఎఫ్‌టీ, రేటు కూర్చుని మాట్లాడుకుందాం. ఇక్కడ కాపురం చేయాలంటే తెలుసుకోవాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. 2014 నుంచి ఉంటున్నవాళ్లం, అవి మేమే చెప్పాలి.

ముందు ఆ 1,240 సంగతి. అది సూపర్ బిల్టప్. మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా అందులోనే ఉంది. గోడల మధ్య మనం తిరిగే చోటు 900 దాటదు. దానికంటే ముందు అడగాల్సింది యూడీఎస్, అంటే స్థలంలో మన వాటా. ఇది హౌసింగ్ బోర్డు వాళ్ల పాత ఎంఐజీ (మధ్యతరగతి ఆదాయ వర్గాల) ప్లాట్లు రెండు కలిపి కట్టిన అపార్ట్‌మెంట్. స్టిల్ట్ (కింద స్తంభాల మధ్య పార్కింగ్) మీద ఐదంతస్తులు, అంతస్తుకు రెండిళ్లు. మా వాటా 40 గజాలు. బిల్డింగ్ పాతబడేకొద్దీ ధర నిలబెట్టేది ఈ గజాలే, మార్బుల్ ఫినిష్ కాదు.

ఒక కుటుంబం ఉండాల్సిన ప్లాట్లలో ఇప్పుడు ఐదేసి, పదేసి కుటుంబాలున్నాయి. రోడ్లు మాత్రం అప్పటివే. కింద స్టిల్ట్‌లో మా కారుకు చోటుంది. రెండో కారు ఉంటే రోజూ రాత్రి రోడ్డు మీద వెతుక్కోవాల్సిందే. పక్క వీధుల నిండా హాస్టళ్లు, వాటి ముందు వరసగా బైకులు.

ఆ హాస్టళ్ల పుణ్యమే ఈ కాలనీ సందడి. కోచింగులకు, ఉద్యోగాల వేటకు వచ్చిన పిల్లల కోసం పొద్దున్నే టిఫిన్ బండ్లు వెలుగుతాయి. ఏ రాత్రి ఆకలేసినా కిందికి దిగితే ఏదో ఒకటి దొరుకుతుంది. మందుల షాపు, జిరాక్స్, టైలర్, కర్రీ పాయింట్, అన్నీ నడిచే దూరమే. మా అత్తయ్యగారు ఇక్కడికొచ్చాక కూరగాయలకు మమ్మల్ని ఒక్కసారి కూడా బండి తీయమనలేదు. వయసైనవాళ్లు ఎవరి మీదా ఆధారపడకుండా బతకడానికి ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు. గేటెడ్ కమ్యూనిటీలో ఉన్న మా చెల్లెలు కొత్తిమీరకు కూడా యాప్ తెరవాలి.

దీనికి కట్టే మూల్యం చప్పుడు. రోడ్డు వైపు బెడ్‌రూమ్‌లో మొదట్లో నిద్ర పట్టేది కాదు. పాత అల్యూమినియం కిటికీలు తీయించి, డబుల్ గ్లాస్ యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేమ్) కిటికీలు పెట్టించాక హారన్లు చాలావరకు తగ్గాయి. ఈ ఇంటి మీద పెట్టిన ఖర్చుల్లో ఇది నూటికి నూరుపాళ్లు గిట్టుబాటు అయింది. వినాయక చవితి డీజేకి మాత్రం ఏ గ్లాసూ చాలదు. సంక్రాంతికి సగం కాలనీ ట్రావెల్స్ బస్సులెక్కి ఆంధ్రాకు వెళ్లిపోతుంది. ఆ నాలుగు రోజులూ ఇక్కడ కాకులు కూడా వినబడతాయి.

ఇక నీళ్లు. మంజీరా కనెక్షన్ (వాటర్ బోర్డు మంచినీళ్లు) ఉంది, రోజు విడిచి రోజు వదులుతారు. వాటిని సంపులో పట్టుకుని తాగడానికి, వంటకు వాడతాం. మిగతా అవసరాలకు బోరు. మార్చి దాటితే బోరు నీరసిస్తుంది, ట్యాంకర్లు మొదలవుతాయి. మెయింటెనెన్స్‌లో ఎండాకాలం అదనంగా పడేది వాటి ఖర్చే. బోరు నీళ్ల ఉప్పుకు గీజర్ కాయిల్ రెండుసార్లు పోయింది. బాత్రూమ్ ట్యాపుల మీద తెల్లచారలు కనిపిస్తే అది మురికి అనుకోకండి.

మోడ్యులర్ కిచెన్ ఫొటోల్లో బాగుంటుంది, నిజంగానూ బాగానే ఉంది, ఒక్క సింకు కింద తప్ప. అక్కడ వేసిన పార్టికల్ బోర్డు చెమ్మకు ఉబ్బి పొరలు పొరలుగా లేచింది. చేసినవాళ్లు ఫోనెత్తలేదు. వీధి చివరి కార్పెంటర్‌తో వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ వేయించాం, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. హాల్లో ఫాల్స్ సీలింగ్ అందమే గానీ, పైఇంటి బాత్రూమ్ లీకేజీ చాలాకాలం దాని వెనకే దాక్కుంది. రిపేరైంది. మరక పడిన చోటు నేనే చూపిస్తాను.

మూడో అంతస్తు కాబట్టి స్లాబు వేడి లేదు. పడమటి గోడ మాత్రం మే నెలలో సాయంత్రం దాకా సెగ కక్కుతుంది. ఆ గదికి ఏసీ తప్పదు.

మేం దిగినప్పుడు మెయిన్ రోడ్డు మధ్యలో మెట్రో పిల్లర్లు లేస్తున్నాయి. 2017 నవంబరులో రైలు నడిచాక అమీర్‌పేట, సికింద్రాబాద్ వైపు వెళ్లడానికి టెన్షన్ పోయింది. ఆఫీసు హైటెక్ సిటీలో ఉంటే మాత్రం మెట్రో మిమ్మల్ని అమీర్‌పేట దాకా తీసుకెళ్లి, రైలు మార్చి, మళ్లీ వెనక్కి తెస్తుంది. దానికి బస్సో, షేర్ ఆటోనో, సొంత బండో మేలు. వాన పడిన సాయంత్రం ఆ రూట్ గురించి మాట్లాడకపోవడమే మంచిది.

కాగితాల విషయం సూటిగా. ఓసీ (కట్టడం పూర్తయి ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) ఉంది, లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు) వరసగా ఉన్నాయి, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) మీరే తీసి చూసుకోండి. కట్టి పూర్తయిన ఇల్లు కనుక జీఎస్టీ ఉండదు. రిజిస్ట్రేషన్ ఖర్చు 2021 జూలై నుంచి తెలంగాణలో మొత్తం 7.5 శాతం, అది కొనేవాళ్లదే. ధర 50 లక్షలు గానీ ఆపైన గానీ అయితే, మాకిచ్చే డబ్బులో ఒక శాతం టీడీఎస్ (ముందే మినహాయించే ఆదాయపు పన్ను) మీరు పట్టుకుని కట్టాలి.

చూడ్డానికి ఆదివారం పొద్దున కాకుండా, ఏదైనా శనివారం రాత్రి తొమ్మిదింటికి రండి. కారు పెట్టడానికి చోటు మీరే వెతుక్కోండి, కిటికీ తెరిచి పది నిమిషాలు కూర్చోండి. నచ్చితే చిమ్నీ, రెండు ఏసీలు, ఇన్వర్టర్ ధరలోనే వదిలేస్తాం. వాషింగ్ మెషీన్ మాత్రం మాతోనే గుంటూరు వస్తుంది.