లిజ్ లెర్మన్ నాలుగు మెట్ల పద్ధతి: ఫోటోల మీద చాలాకాలం వాడాక

ఈ పద్ధతిలో మూడో మెట్టు ఒక్కటున్నా చాలు, మిగతావి లేకపోయినా నేను దీన్ని వదలను. ఫోటో మీద మన అభిప్రాయం చెప్పేముందు తీసినవాళ్లను ఒక ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్నలో మన తీర్పు దాగి ఉండకూడదు. వినడానికి చాలా చిన్న విషయం. కానీ తోటివాళ్ల ఫోటోల గురించి నేను మాట్లాడే తీరునీ, నా ఫోటోల గురించి వాళ్లు చెప్పేది నేను వినే తీరునీ మార్చింది ఇదే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. దీని అసలు పేరు క్రిటికల్ రెస్పాన్స్ ప్రాసెస్. అమెరికన్ నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించారు. మొదటి మెట్టులో చూసినవాళ్లు తమ మనసుకు తగిలింది ఏమిటో చెబుతారు. రెండోదాంట్లో తీసినవాళ్లే తమ సందేహాలు అడుగుతారు. మూడోది నేను పైన చెప్పిన తటస్థ ప్రశ్న. నాలుగోదాంట్లో "ఫలానాదాని మీద నాకో అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?" అని అడిగి, సరేనంటేనే చెప్పాలి. వద్దంటే ఊరుకోవాలి. ఇదంతా గాడి తప్పకుండా చూసుకోవడానికి మధ్యలో ఒకరు ఉంటారు.

మా బృందం చిన్నది. అందరం వేరే ఉద్యోగాలు చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు కెమెరా పట్టుకునేవాళ్లమే. ఇది మొదలుపెట్టకముందు మా దగ్గర రెండే రకాల మాటలు వినిపించేవి. "సూపర్", "అదిరింది" అనేవి ఒక రకం. "హొరైజన్ వంగింది", "సబ్జెక్టును థర్డ్స్‌లో పెట్టాల్సింది", "బ్యాక్‌గ్రౌండ్ డిస్టర్బ్ చేస్తోంది" అనేవి ఇంకో రకం. మొదటి రకంతో ఎవరికీ ఒరిగేదేమీ లేదు. రెండో రకంలో నిజం ఉండొచ్చు, కానీ ఆ మాటలు ఏ ఫోటోకైనా అతుకుతాయి. రూల్ ఆఫ్ థర్డ్స్ అన్న పేరునే తీసుకోండి. ఫ్రేమ్‌ను అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి, ముఖ్యమైనదాన్ని ఆ గీతల దగ్గర పెట్టమనే సూత్రం ఇది. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీష్ చిత్రకారుడు ప్రకృతి దృశ్యాల బొమ్మల గురించి రాస్తూ వాడిన పేరు అది. బొమ్మ గీసేవాళ్లకు ఉపయోగపడాలని చెప్పిన ఉపాయం, ఇప్పుడు ఫోటోను సరిగా చూడకముందే చెప్పేసే తీర్పుగా తయారైంది. కొత్తగా చేరినవాళ్లు ఆ మాట రెండుసార్లు వింటే చాలు, మూడోసారి ఫోటో తేవడం మానేస్తారు. అలా మానేసినవాళ్లను చూశాను. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

తటస్థ ప్రశ్న అంటే ఏమిటో ఉదాహరణ చెబితేనే తెలుస్తుంది. "ఇంత చీకటిగా ఎందుకు ఉంచారు?" అన్నది ప్రశ్న కాదు, ఫిర్యాదు. "ఈ నీడల్లో చూసేవాళ్లకు ఏమేం కనపడాలనుకున్నారు?" అన్నది ప్రశ్న. "ఆ స్తంభాన్ని ఎందుకు తీసెయ్యలేదు?" బదులు "వెనకాల ఉన్నవాటిలో మీకు ఏవి ముఖ్యం?" అని అడగాలి. మొదట్లో ఇది కృత్రిమంగానే ఉంటుంది. మాటలు తడుముకుంటాం. ప్రశ్న సగంలో ఉండగానే మధ్యవర్తి చెయ్యెత్తి "అందులో అభిప్రాయం ఉంది, ఇంకోలా అడగండి" అంటారు. కొంతమందికి అది చిరాకు. నాకు మాత్రం ఆ ఆగడంలోనే ఫోటోను మళ్లీ ఒకసారి చూసే అవకాశం దొరికింది.

ఈ మెట్టు విలువ నాకు పూర్తిగా తెలిసింది ఒక సైకిల్ ఫోటో దగ్గర. మా బృందంలోని ఒకావిడ తెచ్చారు. ఒక పిల్లాడు పొడవాటి గోడ పక్కన సైకిల్ తొక్కుకుంటూ వస్తున్నాడు. ఫోటో మొత్తం చెదిరిపోయి ఉంది. గోడా, సైకిలూ, పిల్లాడి మొహమూ ఏదీ స్పష్టంగా లేదు. షటర్ స్పీడ్, అంటే కెమెరా వెలుతురును లోపలికి తీసుకునే సమయం, 1/15 సెకను. గదిలో ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా ఒకే సలహా సిద్ధంగా ఉంది: షటర్ 1/500కి పెంచండి, వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ (ఫోటో ఎంత వెలుగ్గా రావాలో నిర్ణయించే కెమెరా సెట్టింగ్) పెంచుకోండి. పాత రోజుల్లో అయితే అరనిమిషంలో ఆ మాట చెప్పేసి తర్వాతి ఫోటోకి వెళ్లిపోయేవాళ్లం. ఆవిడా తలూపి కూర్చునేవారు.

మూడో మెట్టులో ఒకరు అడిగారు: "1/15 పెట్టినప్పుడు ఫోటో ఎలా వస్తుందని అనుకున్నారు?" ఆవిడ చెప్పింది విని అందరం ఆశ్చర్యపోయాం. గోడ మీద పాత పోస్టర్లు, గీతలు చాలా ఉన్నాయట. వాటిలో పిల్లాడు కలిసిపోతున్నాడని, గోడ మొత్తం చారలుగా సాగిపోయి పిల్లాడి మొహం ఒక్కటే స్పష్టంగా నిలవాలని ఆవిడ కోరిక. అంటే ఆవిడ కావాలనే ప్యానింగ్ చేశారు, పిల్లాడితో పాటు కెమెరాను తిప్పుతూ తీశారు. మేం చెప్పబోయిన 1/500 పెట్టి ఉంటే పిల్లాడితో పాటు ఆ గోడ కూడా గీత గీతా స్పష్టంగా వచ్చేది. ఆవిడ వదిలించుకోవాలనుకున్నదాన్నే మేం ఆవిడకు అంటగట్టేవాళ్లం.

తర్వాత ఇంకొకరు "పిల్లాడు మీకు ఎటువైపు నుంచి ఎటు వెళ్తున్నాడు?" అని అడిగారు. అసలు కిటుకు అక్కడ బయటపడింది. పిల్లాడు కెమెరాకు అడ్డంగా వెళ్లడం లేదు, ఏటవాలుగా దగ్గరికి వస్తున్నాడు. అలా వస్తున్నప్పుడు క్షణక్షణానికీ మనిషి ఫ్రేమ్‌లో పెద్దవుతూ ఉంటాడు, కెమెరా తిప్పాల్సిన వేగం కూడా మారుతూ ఉంటుంది. 1/15 అంత నెమ్మది షటర్‌లో ఎంత చక్కగా తిప్పినా ఏదో ఒకచోట చెదరడం ఖాయం. ఆవిడకు కావలసిన సలహాలు అప్పుడు వాటంతటవే వచ్చాయి. పిల్లాడు మనకు అడ్డంగా దాటిపోయే చోట నిలబడాలి. మొదట 1/60తో మొదలుపెట్టి, చెయ్యి కుదురుకున్నాక 1/30కి దిగాలి. చేతులు మాత్రమే కాకుండా నడుము నుంచి ఒళ్లంతా తిప్పాలి, బటన్ నొక్కాక కూడా తిప్పుతూనే ఉండాలి. కొన్ని లెన్సుల్లో ప్యానింగ్ కోసం వేరే స్టెబిలైజేషన్ మోడ్ ఉంటుంది. అది పక్కకు తిప్పే కదలిక జోలికి పోకుండా పైకీ కిందికీ వచ్చే ఊపును మాత్రమే సరిచేస్తుంది. ఆవిడ లెన్స్‌లో అది ఉంది, ఆవిడకు తెలియదు.

కొన్ని వారాల తర్వాత ఆవిడ మళ్లీ ఫోటో తెచ్చారు. పిల్లాడి కళ్లు స్పష్టంగా ఉన్నాయి, చక్రాలు తిరుగుతున్నట్టే ఉన్నాయి, గోడ అంతా పలచని రంగుల చారలైపోయింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం నా సొంత ఫోటోలకు కూడా ఎప్పుడూ కలగలేదు.

ఇంతకంటే చిన్నవి చాలా జరిగాయి. ఎప్పుడూ చీకటి ఫోటోలే తెచ్చే ఒకాయన్ని "ఏ స్క్రీన్ మీద, ఎలాంటి వెలుతురులో ఎడిట్ చేస్తారు?" అని అడిగితే, లైట్లన్నీ ఆర్పేసి స్క్రీన్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచుకుని చేస్తానన్నారు. ఆయన కళ్లకు అవి చక్కగా వెలుగుతూ కనపడుతున్నాయి, మిగతా అందరికీ మసకగా కనపడుతున్నాయి. ఎక్స్‌పోజర్ గురించి ఆయనకు అప్పటిదాకా చెప్పిన సలహాలన్నీ వృథా. ఫోటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపించే హిస్టోగ్రామ్ చూస్తూ ఎడిట్ చేయమన్నాం, సరిపోయింది.

ఇప్పుడు మిగతా మెట్ల సంగతి. మొదటి మెట్టు నాకు పెద్దగా పనికిరాలేదు. మనసుకు తగిలింది చెప్పమంటే మళ్లీ "చాలా బాగుంది" దగ్గరికే వచ్చి ఆగుతారు. ఫ్రేమ్‌లో ఒక చోటు వేలితో చూపించి మాట్లాడాలని మేమే ఒక షరతు పెట్టుకున్నాం. "ఈ మూల నుంచి వచ్చే వెలుతురు చూడగానే నా కళ్లు ఆమె చేతుల మీదికి వెళ్లాయి" లాంటి మాట వస్తే తీసినవాళ్లకు పనికొస్తుంది. తను అనుకున్నచోటికే చూపు వెళ్తోందా లేదా అన్నది తెలుస్తుంది. ఆ షరతు లేకపోతే ఈ మెట్టు మర్యాదకు మించి ముందుకు పోదు.

మూడో మెట్టు ఒక్కటే చాలు అన్నాను కదా. అందులో కొంత సవరించుకోవాలి. నా ఫోటోకే జరిగిన విషయం ఇది.

సముద్రపు ఒడ్డున తెల్లవారుజామున తీసిన ఫోటో. ముందు ఒక రాయి, వెనక నీళ్లు, పైన మబ్బు లేని ఆకాశం. రాయి నుంచి దూరం దాకా అంతా స్పష్టంగా రావాలని లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, ఎఫ్/16లో తీశాను. పెద్ద ప్రింట్ తీయించే ముందు బృందానికి చూపించాను. ముందున్న రాయిని ఎక్కడి దాకా క్రాప్ చేయాలన్నది నా సందేహం, అదే అడిగాను. అందరూ దాని గురించే ఎంతో శ్రద్ధగా మాట్లాడారు. మూడో మెట్టులో మంచి ప్రశ్నలు వచ్చాయి. సమయం అయిపోవడంతో నాలుగో మెట్టు లేకుండానే ముగించాం.

ప్రింట్ వచ్చింది. 24 అంగుళాలు బై 16. ఆకాశంలో ఎడమవైపు రెండు నల్లని మచ్చలు. కెమెరా సెన్సార్ మీద దుమ్ము అది. రంధ్రం పెద్దగా ఉండే ఎఫ్/2.8లో తీస్తే ఆ దుమ్ము కరిగిపోయినట్టు పలచబడి కంటికి ఆనదు. ఎఫ్/16 దగ్గర గట్టి చుక్కలా దిగుతుంది, అందులోనూ ఖాళీ ఆకాశంలో దాక్కోవడానికి చోటే ఉండదు. ఎడిటింగ్‌లో తుడవడం రెండు క్లిక్కుల పని.

ప్రింట్ చూసిన మిత్రుడొకరు "ఆ రోజే చూశానండీ" అన్నారు. మరెందుకు చెప్పలేదంటే, ఆయన జవాబు నన్ను ఆలోచనలో పడేసింది. "మీరు రాయి గురించి అడిగారు. నాలుగో మెట్టు రాలేదు. ఆకాశంలో మచ్చలు పెట్టడంలో మీ ఉద్దేశం ఏమిటి అని అడగలేను కదా!" ఆయన తప్పేమీ లేదు. నియమం ఆయన నోరు కట్టేసింది. ఉద్దేశం గురించిన విషయాల్లో అంత అందంగా పనిచేసే ప్రశ్న, ఎవరి ఉద్దేశంతోనూ సంబంధం లేని దుమ్ము చుక్క దగ్గర చేతులెత్తేసింది. కోపం వచ్చిందనే చెప్పాలి. మనుషుల మీద కాదు, పద్ధతి మీద.

అప్పటి నుంచి మేం లెర్మన్ పద్ధతికి ముందు సొంతంగా ఒక తనిఖీ కలుపుకున్నాం. ఫోటోను వంద శాతం సైజులో అంచు నుంచి అంచుకు జరుపుతూ చూస్తాం. దుమ్ము, వంగిన హొరైజన్, పూర్తిగా తెల్లబోయిన హైలైట్స్, ఎడిటింగ్‌లో మిగిలిన అంచులు, అతిగా చేసిన షార్పెనింగ్ లాంటివి కనిపిస్తే చీటీ మీద రాసి తీసినవాళ్ల చేతికి ఇస్తాం. చర్చ ఉండదు, అనుమతి అక్కర్లేదు. హొరైజన్ కావాలనే వంచారా అన్న అనుమానం ఉంటే అది మాత్రం చీటీ మీద రాయం, మూడో మెట్టులో అడుగుతాం. ఏది చీటీకి, ఏది ప్రశ్నకు అన్న విషయంలో మా మధ్య ఇప్పటికీ వాదనలు జరుగుతాయి. నాయిస్ (ఫోటోలో కనిపించే గరుకు చుక్కలు) విషయం ఇంకా తేలలేదు. కొందరికి అది లోపం, కొందరికి ఇష్టమైన రుచి.

నాలుగో మెట్టులో "వద్దు" అనే హక్కు గురించి కూడా నా అభిప్రాయం మెల్లగా మారింది. మొదట్లో అది చాలా గొప్పగా అనిపించేది. ఇప్పటికీ కొత్తవాళ్లకు అది పెద్ద భరోసా. కానీ ఎన్నాళ్లుగానో ఫోటోలు తీస్తున్నవాళ్లు ప్రతిసారీ వద్దంటూ పోతే, ఎదుటివాళ్లు అడగడమే మానేస్తారు. మా దగ్గర ఒకరి విషయంలో అలాగే జరిగింది. దానికి ఈ పద్ధతిలో నాకు జవాబు దొరకలేదు.

అయితే కొనవచ్చా అని అడగడానికి ఇది వస్తువు కాదు, వాడొచ్చా అంటే మాత్రం మీ పరిస్థితిని బట్టి ఉంటుంది. మేం ఒకరినొకరం ఎరిగినవాళ్లం, ఎదురెదురుగా కూర్చుంటాం, ఒక్కో ఫోటోకి అరగంట ఇవ్వగలం. ఒక సాయంత్రానికి రెండు మూడు ఫోటోలకు మించి చూడం. మీకు ఒక్కరోజులో యాభై ఫోటోలు చూడాల్సి వస్తే, లేదా పోటీకి మార్కులు వేయాల్సి వస్తే ఇది సాగదు. ఎదురెదురుగా కాకుండా రాతలోనే ప్రశ్నలు, జవాబులు పంపుకునే పద్ధతిలో అయితే ప్రశ్నకూ జవాబుకూ మధ్య రోజు గడిచిపోతుంది, ఆసక్తి చల్లారిపోతుంది. అక్కడ మూడో మెట్టు నుంచి ఒకే ఒక్క ప్రశ్న తీసుకుని, దాని జవాబు వచ్చేదాకా సలహా ఆపుకోగలిగితే చాలనుకుంటాను. కెమెరా నిన్నగాక మొన్న కొన్నవాళ్లకు కూడా నేరుగా దీన్ని పెట్టను. వాళ్లకు ఉద్దేశం ఏమిటని అడిగితే టెన్షన్ పడతారు. ఫోకస్ ఎక్కడ పడిందో, ఎందుకు అక్కడ పడిందో ముందు చూపించాలి. మధ్యవర్తిగా గట్టిగా ఆపగలిగే మనిషి దొరకకపోతే మాత్రం మొదలుపెట్టకండి. మా దగ్గర ఆ పని చేసేవారు ఊరెళ్లిన వారాల్లో మేం ఫోటోలు చూడటం ఆపేసి బయటికెళ్లి తీసుకోవడమే మేలనుకున్నాం.